పెట్టె ఒకరిది, ఆటలు మరొకరివి

1990ల్లో ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పెరిగినవాళ్ళని టీవీ గేమ్ గురించి అడిగితే ముందు వినపడే పేరు కాంట్రా. ఆ వెంటనే మారియో, ట్యాంకుల ఆట, తుపాకితో బాతుల్ని కొట్టే ఆట, బాంబర్‌మ్యాన్, రోడ్ ఫైటర్. చేపల చెరువులు పెరిగి చేతిలో డబ్బు ఆడుతున్న కైకలూరు, ఆకివీడు వైపు ఊళ్ళలోనూ, గల్ఫ్ నుంచి చుట్టాలు సామాన్లు తెచ్చే ఇళ్ళలోనూ టీవీ కింద ఒక ప్లాస్టిక్ పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, పసుపు రంగు క్యాసెట్ కనపడేవి. పెట్టె మీద లిటిల్ మాస్టర్ అనో టెర్మినేటర్ అనో రాసి ఉండేది. లోపల ఉన్నది మాత్రం 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ అనే యంత్రానికి నకలు.

ఆ ఆటలు ఎవరివో చూడండి. మారియో, బాతుల ఆట నింటెండోవి. కాంట్రా, రోడ్ ఫైటర్ కొనామీవి. ట్యాంకుల ఆట అసలు పేరు బ్యాటిల్ సిటీ. దాన్నీ గెలాక్సియన్‌నీ చేసింది నామ్‌కో. బాంబర్‌మ్యాన్, అడ్వెంచర్ ఐలాండ్ హడ్సన్ సాఫ్ట్‌వి. అంటే వేసవి సెలవులన్నీ తినేసిన ఆటల్లో ఎక్కువ భాగం ఆ యంత్రాన్ని రూపొందించిన కంపెనీవి కావు, బయటివాళ్ళవి. కన్సోల్ తయారుచేసే కంపెనీ తానే చేసుకునే ఆటల్ని పరిశ్రమలో ఫస్ట్ పార్టీ ఆటలంటారు. ఆ కంపెనీతో యాజమాన్య సంబంధం లేకుండా, దాని యంత్రం మీద ఆటలు అమ్ముకునేవాళ్ళు థర్డ్ పార్టీ డెవలపర్లు.

ఒక కన్సోల్ నిలబడుతుందా, పడిపోతుందా అన్నది దానిలో ఎంత గొప్ప చిప్ పెట్టారన్నదాని కన్నా ఈ బయటివాళ్ళు దాన్ని నమ్మారా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతూ వచ్చింది. ఎవరి మీద నమ్మకం పెట్టాలో వాళ్ళు ఎలా తేల్చుకుంటారు? అందులో ఇంజనీరింగ్ ఎంత, వ్యాపారం ఎంత? ఈ ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ వెళితే జపాన్, అమెరికాలతో పాటు హైదరాబాద్ కూడా తగులుతుంది. ఈ మధ్య జరిగిన అతి పెద్ద తగాదాలో ఒక తెలుగువాడు కోర్టులో సాక్ష్యం కూడా చెప్పాడు.

మొదట్లో బయటివాళ్ళు అన్న మాటే లేదు. అటారీ 2600 యంత్రానికి ఆటలు అటారీయే రాసేది. రాసినవాళ్ళ పేర్లు పెట్టె మీద ఉండేవి కావు, అమ్మకాల్లో వాటా ఇచ్చేవాళ్ళు కాదు. తాము రాసిన ఆటలు కంపెనీకి ఎంత సంపాదించిపెడుతున్నాయో తెలిశాక డేవిడ్ క్రేన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ అనే నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి, జిమ్ లెవీతో కలిసి 1979లో యాక్టివిజన్ పెట్టారు. ఒకరి యంత్రానికి మరొకరు ఆటలు చేసి అమ్మడం అక్కడే మొదలైంది. అటారీ కోర్టుకెళ్ళింది. 1982లో రాజీ కుదిరింది: బయటివాళ్ళు ఆటలు చేసుకోవచ్చు, అటారీకి రాయల్టీ కడితే చాలు.

ఆ రాజీ తలుపులు బార్లా తెరిచింది. ఎవరు పడితే వాళ్ళు ఆటలు చేసి దుకాణాల్లో కుమ్మరించారు. నాసిరకం సరుకు పేరుకుపోయింది, దుకాణదారులు దొరికిన ధరకి వదిలించుకున్నారు. 1983లో అమెరికాలో వీడియో గేమ్ పరిశ్రమ కుప్పకూలడానికి ఉన్న కారణాల్లో ఇది పెద్దది.

ఆ పతనాన్ని నింటెండో బాగా గమనించింది. 1985లో తన యంత్రాన్ని ఎన్ఈఎస్ పేరుతో అమెరికాలో దింపినప్పుడు లోపల 10ఎన్ఈఎస్ అనే చిన్న చిప్ పెట్టింది. అలాంటిదే ఇంకొకటి ప్రతి క్యాసెట్‌లోనూ ఉండాలి. రెండు చిప్‌లూ ఒకే లెక్కను ఒకే వేగంతో చేసుకుంటూ పోతాయి, క్షణక్షణం జవాబులు సరిచూసుకుంటాయి. క్యాసెట్‌లో ఆ చిప్ లేకపోయినా, జవాబు తేడా వచ్చినా యంత్రం సెకనుకొకసారి మొదటికి వస్తుంది, తెర మినుకుమినుకుమంటూ ఉండిపోతుంది. చిప్ కావాలంటే నింటెండో దగ్గరికే రావాలి. వస్తే షరతులు చెప్పేది: ఏడాదికి అయిదు ఆటలకు మించి విడుదల చేయకూడదు, ఒక ఆటను రెండేళ్ళ దాకా మరో యంత్రానికి ఇవ్వకూడదు, క్యాసెట్లు నింటెండోయే తయారుచేస్తుంది, వాటికి డబ్బు ముందే కట్టాలి. కొనామీ లాంటి పెద్ద కంపెనీ అయిదు ఆటల హద్దు దాటడానికి అల్ట్రా గేమ్స్ అని రెండో పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. అటారీ గేమ్స్ వాళ్ళు టెంజెన్ పేరుతో ఆ చిప్‌కి నకలు చేసి కోర్టులో దెబ్బతిన్నారు.

జపాన్‌లో అమ్మిన ఫామికామ్‌లో మాత్రం ఈ తాళం లేదు. హడ్సన్, నామ్‌కో 1984లో వచ్చి చేరిన తొలి థర్డ్ పార్టీలు. నామ్‌కో, కొనామీ లాంటి కొన్ని కంపెనీలకి క్యాసెట్లు సొంతంగా తయారుచేసుకునే వీలు కూడా ఉండేది. మన ఊళ్ళ దాకా వచ్చిన నకలు యంత్రాలన్నీ ఈ జపాన్ నమూనావే. తాళమే లేదు కాబట్టి యంత్రాన్నీ ఆటల్నీ కలిపి నకలు కొట్టడం తేలికైంది. తర్వాత తర్వాత ఆ యంత్రం మొత్తాన్ని ఒకే చిప్‌లోకి కుదించేశారు. కాంట్రా కోసం కొనామీ ప్రోగ్రామర్లు రెండు కిలోబైట్ల ర్యామ్‌లో, సెకనుకి 18 లక్షల కన్నా తక్కువ సార్లు కొట్టుకునే ప్రాసెసర్ మీద ఇద్దరు సైనికుల్నీ తూటాల వర్షాన్నీ నడిపించారు. ఆ పనితనానికి మన వైపు అమ్ముడైన క్యాసెట్ల మీద వాళ్ళకి పైసా ముట్టలేదు, పేరూ తెలియలేదు. వాళ్ళ కంపెనీ పేరైనా ఆలస్యంగా ఇక్కడ రాయడం న్యాయమనిపించింది.

ఇక అసలు ప్రశ్న. బయటి డెవలపర్ ఏ కన్సోల్‌కి ఆట చేయాలో ఎలా నిర్ణయించుకుంటాడు?

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌ని చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. గూడెం చుట్టుపక్కల పండేది వరి, ఉల్లి కాదు. అయినా కర్నూలు రైతు లారీకెత్తుకుని ఇంత దూరం వస్తాడు, మహారాష్ట్ర సరుకూ దిగుతుంది. ఎందుకంటే కొనే వ్యాపారులు ఇక్కడున్నారు. వ్యాపారులు ఎందుకున్నారంటే సరుకు ఇక్కడికి వస్తుంది కాబట్టి. రెండు వైపులా ఒకరి కోసం ఒకరు వస్తారు, మార్కెట్ మధ్యలో ఉండి రుసుము తీసుకుంటుంది. ఇంకో ఊళ్ళో ఇంతకన్నా పెద్ద షెడ్లు, మంచి కాటాలు కట్టి తలుపులు తెరిచినా మొదటి రోజు రైతూ రాడు, వ్యాపారీ రాడు. ఎదుటివాడు వస్తాడో లేదోనని ఇద్దరూ ఆగుతారు.

ఆర్థికశాస్త్రంలో దీన్ని రెండు వైపుల మార్కెట్ అంటారు. జాన్-షార్ల్ రోషే, జాన్ టిరోల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఆర్థికవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో దీనికి గణితరూపం ఇచ్చారు. వాళ్ళు తీసుకున్న ఉదాహరణల్లో వీడియో గేమ్ కన్సోల్ ఒకటి. టిరోల్‌కి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళు చూపించిన కీలకమైన విషయం ఏమిటంటే, ఇలాంటి మార్కెట్‌లో రెండు వైపులా ఒకేలా ధర వేయడం తెలివైన పని కాదు. ఒక వైపుని తక్కువ ధరతో, అవసరమైతే నష్టానికైనా రప్పించి, రెండో వైపు నుంచి రాబట్టుకోవాలి. కన్సోల్ కంపెనీలు చేసేది సరిగ్గా ఇదే. 2006లో సోనీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) వచ్చినప్పుడు అమెరికాలో ధర 499, 599 డాలర్లు. అంత ధరకి అమ్మినా సోనీకి ఒక్కో యంత్రం మీద నష్టమే. ఆ నష్టం పూడేది బయటివాళ్ళు అమ్మే ప్రతి ఆట మీదా వచ్చే రాయల్టీతో. నేటి ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ వాటా మామూలుగా 30 శాతం.

కాబట్టి డెవలపర్ అడిగే మొదటి ప్రశ్న, ఈ యంత్రం ఎన్ని ఇళ్ళలో ఉంది అనే. కొనేవాడి మొదటి ప్రశ్న, దీనికి ఎన్ని ఆటలున్నాయి అని. ఈ చక్రం ఒకసారి పైకి తిరిగితే ఆగదు, కిందికి తిరిగినా ఆగదు. సెగా డ్రీమ్‌కాస్ట్ మంచి యంత్రం, దాన్ని తప్పుపట్టినవాళ్ళు తక్కువ. కానీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ, దానికి ఒక్క ఆటా చేయలేదు. అమెరికాలో ఈఏ క్రీడల ఆటలు లేని కన్సోల్ అంటే సగం మంది కొనుగోలుదార్లు లేనట్టే. 2001లో సెగా దాన్ని ఆపేసి, తానే థర్డ్ పార్టీగా మారి నిన్నటి ప్రత్యర్థుల యంత్రాలకి ఆటలు చేయడం మొదలుపెట్టింది. పదేళ్ళ తర్వాత నింటెండో వంతు వచ్చింది. 2011లో వీ యూ కన్సోల్‌ని ప్రకటించిన వేదిక మీద ఈఏ అధినేత నిలబడి గొప్ప భాగస్వామ్యం అన్నాడు. 2012 చివర్లో యంత్రం వచ్చింది, అమ్మకాలు మందగించాయి, 2013 కల్లా ఈఏ చేతులు దులుపుకుంది. జీవితకాలంలో అమ్ముడైన వీ యూలు కోటీ 36 లక్షల లోపే. దాని తర్వాత అదే నింటెండో చేసిన స్విచ్ 15 కోట్లు దాటింది.

కొన్నిసార్లు బయటివాళ్ళని కదిలించేది యంత్రంలోని ఒకే ఒక్క భాగం. నింటెండో 64 క్యాసెట్‌కే కట్టుబడింది. అందులో అత్యధికంగా పట్టేది 64 మెగాబైట్లు. సోనీ తొలి ప్లేస్టేషన్ వాడిన సీడీలో 650 మెగాబైట్ల దాకా పడుతుంది, తయారీ ఖర్చూ తక్కువ. అప్పటిదాకా ఫైనల్ ఫ్యాంటసీ ఆటల్ని నింటెండోకే ఇచ్చిన స్క్వేర్ కంపెనీ ఏడో భాగాన్ని 1997లో ప్లేస్టేషన్‌కి ఇచ్చింది. అది మూడు సీడీలు నిండింది. ఆ ఒక్క కదలికతో జపాన్ మార్కెట్ బరువు ఎటు ఒరిగిందో అందరికీ అర్థమైంది. ప్లేస్టేషన్ పది కోట్లు దాటింది, నింటెండో 64 మూడు కోట్ల ముప్ఫై లక్షల దగ్గర ఆగింది.

ఇళ్ళ సంఖ్య తర్వాత వచ్చే ప్రశ్న శ్రమది. ఒక ఆటను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చడాన్ని పోర్టింగ్ అంటారు. బయటినుంచి చూస్తే అదేదో ఫైలు కాపీ చేసినట్టు అనిపిస్తుంది. అందులో ఉన్న కష్టం అర్థం కావాలంటే సోనీ పీఎస్3, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ల లోపలికి వెళ్ళాలి.

రెండింటి ప్రాసెసర్ల వేగం ఒకటే, 3.2 గిగాహెర్ట్జ్. మొత్తం మెమొరీ ఒకటే, 512 మెగాబైట్లు. కాగితం మీద కవలలు. కానీ ఎక్స్‌బాక్స్ 360లో ఒకేలాంటి మూడు కోర్లు ఉంటాయి, 512 మెగాబైట్లూ ఒకే కుప్ప, ప్రాసెసరూ గ్రాఫిక్స్ చిప్పూ ఎవరికి ఎంత కావాలంటే అంత వాడుకుంటాయి. పీఎస్3లో ఆ మెమొరీ నిలువునా రెండుగా చీలి ఉంటుంది: 256 ప్రాసెసర్‌కి, 256 గ్రాఫిక్స్‌కి. ప్రాసెసర్ పేరు సెల్. అందులో మామూలు కోరు ఒక్కటే. దానికి తోడు ఆటలకి అందుబాటులో ఉండే చిన్న సహాయక కోర్లు ఆరు. ఒక్కోదానికీ సొంతంగా 256 కిలోబైట్ల చోటు మాత్రమే. అవి ప్రధాన మెమొరీని నేరుగా చదవలేవు. ప్రోగ్రామరే డేటాను చిన్న ముక్కలుగా కోసి, లోపలికి పంపి, లెక్క అయ్యాక బయటికి తెచ్చుకోవాలి, ఒక ముక్క మీద పని జరుగుతుండగానే తర్వాతి ముక్కను సిద్ధం చేసుకోవాలి. ఇదంతా నేర్చినవాడికి సెల్ అద్భుతాలు చేసి చూపించింది. సోనీ సొంత స్టూడియోలకి ఏళ్ళ తరబడి ఆ ఒక్క యంత్రంతోనే కుస్తీ పట్టే తీరిక ఉంది. బయటివాడికి అంత తీరిక ఎక్కడిది? ఆట ముందు ఎక్స్‌బాక్స్ మీద రాసుకుని, చివర్లో పీఎస్3లోకి ఇరికించేవాడు.

2011 నవంబరులో వచ్చిన స్కైరిమ్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది ఆటగాడు వెళ్ళిన చోటల్లా ఏం కదిలించాడో, ఏం వదిలేశాడో గుర్తు పెట్టుకునే ఆట. ఆడేకొద్దీ ఆ జ్ఞాపకాల బరువు పెరుగుతుంది. పీఎస్3లో సేవ్ ఫైలు కొన్ని మెగాబైట్లు దాటేసరికి ఆట నత్తనడక పట్టేది. పక్క 256లో చోటున్నా అటు జరగడానికి వీల్లేదు. ఆ ఆటకి వచ్చిన డాన్‌గార్డ్ అనే అనుబంధం ఎక్స్‌బాక్స్ మీద 2012 జూన్‌లో వస్తే, పీఎస్3 వాళ్ళకి 2013 ఫిబ్రవరిలో గానీ అందలేదు.

ఆట చేసేవాడి లెక్క మిల్లీసెకన్లలో ఉంటుంది. తెర మీద బొమ్మ సెకనుకి 30 సార్లు మారాలంటే ఒక్కో బొమ్మకి దొరికే సమయం 33 మిల్లీసెకన్లు. 60 సార్లంటే 17 లోపు. ఆ వ్యవధిలోనే శత్రువు ఏం చేయాలో నిర్ణయించాలి, బంతి ఎక్కడ పడుతుందో లెక్కకట్టాలి, శబ్దాలు కలపాలి, బొమ్మ గీయాలి. కొత్త యంత్రంలో ఈ పనుల్లో ఏ ఒక్కటి బడ్జెట్ దాటినా మొత్తం తడబడుతుంది. ఏది దాటుతోందో కనిపెట్టడం, దాన్ని కుదించడం, మళ్ళీ కొలవడం, పోర్టింగ్ చేసే ఇంజనీరు రోజంతా చేసే పని ఇదే. ఇదయ్యాక సర్టిఫికేషన్. ఒక్కో కంపెనీకీ ఒక్కో నిబంధనల పుస్తకం ఉంటుంది: ఆట మధ్యలో కంట్రోలర్ ఛార్జ్ అయిపోతే ఏం జరగాలి, సేవ్ అవుతుండగా ఏ హెచ్చరిక చూపాలి, బటన్ల బొమ్మలు ఎలా ఉండాలి. ఒక్కటి తప్పినా బిల్డ్ వెనక్కి వస్తుంది. మూడు కన్సోళ్ళంటే మూడుసార్లు ఈ పరీక్ష. అయిదుగురున్న స్టూడియోకి ఇది నెలల పని, నెలల జీతాలు.

సోనీ ఈ పాఠం నేర్చుకున్న తీరు నాకు చాలా నచ్చుతుంది. పీఎస్4 రూపశిల్పి మార్క్ సెర్నీ యంత్రం గీయడానికి ముందే డెవలపర్ల దగ్గరికి వెళ్ళి మీకేం కావాలని అడిగాడు. ఎక్కువమంది కోరింది ఒకటే, చీలని ఒకే కుప్ప మెమొరీ. కొత్త యంత్రం చేతికొచ్చిన బృందం తెర మీద తొలి త్రికోణం గీయడానికి, అంటే పనిలో పడడానికి, ఎంత కాలం పడుతుందో కూడా 2013లో ఆయన ఒక ఉపన్యాసంలో లెక్కకట్టి చెప్పాడు. తొలి ప్లేస్టేషన్‌కి ఒకటి రెండు నెలలు, పీఎస్2కి మూడు నుంచి ఆరు, పీఎస్3కి ఆరు నుంచి పన్నెండు. పీఎస్4తో అది మళ్ళీ ఒకటి రెండు నెలలకి దిగింది. ఆ ఏడాది వచ్చిన పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఏఎండీ చేసిన ఎనిమిది కోర్ల ప్రాసెసర్లే, మన కంప్యూటర్లలో ఉండే రకానివే. ఆ ఏడాది నుంచి రెండు కన్సోళ్ళకీ కలిపి ఆట చేయడం మామూలు విషయమైపోయింది. వాటికి దూరంగా నిలబడింది స్విచ్, ఫోన్లలో వాడే ఆర్మ్ జాతి చిప్‌తో, నాలుగు గిగాబైట్ల మెమొరీతో. అందులోకి కూడా 2019లో విచర్ 3 అనే మహాగ్రంథం లాంటి ఆటను సేబర్ ఇంటరాక్టివ్ వాళ్ళు 32 గిగాబైట్ల కార్డులో దించి చూపించారు.

మన దగ్గర కన్సోల్ ఆటలు చేయడం ఎప్పుడు మొదలైందో చూద్దాం. 2009లో హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట పీఎస్2 మీద వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి పీఎస్2 ఆటగా దానికి పేరొచ్చింది. దేవుణ్ణి ఆటగాడి చేతి బటన్లకి కట్టేయడం తగదని అమెరికాలో ఒక హిందూ సంస్థ అభ్యంతరం చెప్పడంతో వార్తల్లోకీ ఎక్కింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర దేశీ అడ్డా అనే ఆటను పీఎస్2 మీదా, సోనీ చేతి యంత్రం పీఎస్‌పీ మీదా తెచ్చింది. కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటాలు కన్సోల్ మీదకి ఎక్కాయి. 2013లో హిందీ సినిమా డాన్ 2 ఆధారంగా వచ్చిన ఆటా గేమ్‌శాస్త్రదే, అదీ పీఎస్2, పీఎస్‌పీలకే.

ఆ తేదీలు విచిత్రంగా ఉంటాయి. పీఎస్2 పుట్టింది 2000లో. హనుమాన్ వచ్చేనాటికి పీఎస్3 మార్కెట్‌లోకి వచ్చి రెండేళ్ళు దాటింది. డాన్ 2 వచ్చింది 2013 ఫిబ్రవరిలో. పీఎస్2 తయారీ ఆగిపోయిందని సోనీ చెప్పింది ఆ జనవరిలోనే. ప్రపంచం వదిలేస్తున్న యంత్రానికి హైదరాబాద్ వాళ్ళు ఎందుకు ఆటలు చేశారు? మన ఇళ్ళలో ఉన్నది అదే కాబట్టి. చిన్న పట్నాల్లో గంటకింతని ఆడించే దుకాణాల్లో దశాబ్దం పాటు తిరిగింది పీఎస్2లే. కొత్త కన్సోల్ ధర మధ్యతరగతి ఇంటి నెల బడ్జెట్‌కి అందేది కాదు. కొనేవాడు ఎక్కడుంటే డెవలపర్ అక్కడికే వెళతాడన్న సూత్రానికి ఇంతకన్నా చక్కని రుజువు వెతుక్కోనక్కర్లేదు. విషాదం ఏమిటంటే ఆ ఇళ్ళలో, ఆ దుకాణాల్లో తిరిగిన డిస్కుల్లో చాలా భాగం నకిలీవి. యంత్రం ఉంది, ఆడేవాళ్ళున్నారు, ఆటకి డబ్బిచ్చే అలవాటు లేదు. రెండు వైపుల మార్కెట్‌లో ఒక వైపు పూర్తిగా చేరలేదన్నమాట. ఆ స్టూడియోల తర్వాత కన్సోల్ ఆటల వరస ఇక్కడ కొనసాగకపోవడానికి నా అంచనాలో ఇదే పెద్ద కారణం. ప్రతిభ లేక కాదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తగాదా కోసం శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకి వెళదాం. 1967లో హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. ఆ పదవిలో ఆయన చేసిన తొలి పెద్ద కొనుగోళ్ళలో మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్ ఒకటి, 250 కోట్ల డాలర్లకి. 2021లో స్కైరిమ్ చేసిన బెథెస్డా మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకి కొన్నారు. 2022 జనవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని 6,870 కోట్ల డాలర్లకి కొంటామన్నారు. ప్రపంచపు తొలి థర్డ్ పార్టీ ఒక కన్సోల్ కంపెనీ చేతికి వెళుతోందంటే అందరూ ఉలిక్కిపడ్డారు. దాని కాల్ ఆఫ్ డ్యూటీ ఆట ఇక ఎక్స్‌బాక్స్‌కే పరిమితమైతే ప్లేస్టేషన్ సంగతేమిటని సోనీ గోలపెట్టింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది.

2023 జూన్‌లో జరిగిన ఆ విచారణ, మామూలుగా తలుపుల వెనక జరిగే బేరాలని బయటపెట్టింది. కాల్ ఆఫ్ డ్యూటీకి మామూలు 30 శాతం వాటా తగ్గించకపోతే కొత్త ఎక్స్‌బాక్స్‌కి ఆట ఇవ్వనని యాక్టివిజన్ అధినేత బాబీ కోటిక్ గట్టిగా బేరమాడాడని, మైక్రోసాఫ్ట్ ఒప్పుకోక తప్పలేదని అప్పుడే తెలిసింది. ఆటలు చేసేవాడు ఎంత బలవంతుడు కాగలడో దీనితో తెలుస్తుంది. స్టార్‌ఫీల్డ్ ఆటను ఎక్స్‌బాక్స్‌కి రాకుండా సోనీ కట్టుకుపోతుందన్న భయమే బెథెస్డా కొనుగోలుకి ఒక కారణమని ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ చెప్పాడు. నాదెళ్ళ తన సాక్ష్యంలో, తన చేతిలో ఉంటే ఒకే కన్సోల్‌కి పరిమితమయ్యే ఆటల పద్ధతినే తీసేస్తానని, ఆ పద్ధతి పెట్టింది మార్కెట్‌లో పైచేయిగా ఉన్నవాళ్ళని, తనకి దాని మీద ప్రేమ లేదని అన్నారు.

కోర్టు మైక్రోసాఫ్ట్ వైపు మొగ్గింది. కాల్ ఆఫ్ డ్యూటీని పదేళ్ళు ఇస్తామని నింటెండోతో అంతకుముందే, సోనీతో ఆ జులైలో ఒప్పందాలు కుదిరాయి. అక్టోబరు 13న కొనుగోలు పూర్తయింది. తర్వాత ఏం జరిగిందో చూస్తే నాదెళ్ళ మాటలు కోర్టు కోసం చెప్పినవి కావనిపిస్తుంది. 2024లో మైక్రోసాఫ్ట్ ఆట సీ ఆఫ్ థీవ్స్ ప్లేస్టేషన్‌లోకి వచ్చింది. 2025లో ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ వచ్చాయి. ఇరవై ఏళ్ళకి పైగా ఎక్స్‌బాక్స్‌కి జెండాగా నిలిచిన హేలోని కూడా పీఎస్5కి తెస్తామని ఆ ఏడాది అక్టోబరులో ప్రకటించారు. ఎక్స్‌బాక్స్ యంత్రం తక్కువ ఇళ్ళలో ఉన్నప్పుడు, వందల కోట్లు పోసి చేసిన ఆటను అందులోనే బంధించి ఉంచడం ఖరీదైన పంతం. ఎదుటివాడి యంత్రం మీద మైక్రోసాఫ్ట్ ఇవాళ అతిపెద్ద థర్డ్ పార్టీల్లో ఒకటి.

పెద్దవాళ్ళ ఈ ఎత్తుల మధ్య చిన్న స్టూడియో ఎలా నడవాలి? పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన రాజీ దీనికి మంచి పాఠం. 2017లో జనం నుంచి డబ్బు పోగుచేయడానికి పెట్టిన కిక్‌స్టార్టర్ లక్ష్యం చేరలేదు. అయినా వదల్లేదు. 2020 ఆగస్టు 18న నింటెండో తన ప్రదర్శనలో దాన్ని చూపించింది, అదే రోజు అది స్విచ్‌లో విడుదలైంది. మిగతా కన్సోళ్ళకీ కంప్యూటర్లకీ అది అక్టోబరులో వెళ్ళింది. రెండు నెలల ప్రత్యేక హక్కు ఇచ్చినందుకు పేరూ ఊరూ తెలియని భారతీయ ఆటకి ప్రపంచం ముందు వేదిక దొరికింది. ప్రత్యేక హక్కులంటే నాకు ఇష్టం లేదు, ఆడేవాళ్ళని విడదీస్తాయి. కానీ ప్రచారానికి డబ్బు లేని స్టూడియోకి రెండు నెలల ఒప్పందం అన్యాయం కాదని రాజీని చూశాక ఒప్పుకుంటాను. 2023లో సోనీ ఇండియా హీరో ప్రాజెక్ట్ ప్రకటించి లోకో, ముక్తి లాంటి ఆటలకి అండగా నిలబడింది. భారత గేమ్ డెవలపర్ల సదస్సు 2022 నుంచి వరసగా మూడేళ్ళు హైదరాబాద్‌లోనే జరిగింది. అసుర అనే ఆట చేసిన ఓగర్ హెడ్ స్టూడియో ఆ నగరానిదే, ఈఏకి అక్కడ స్టూడియో ఉంది.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. ఏలూరు, భీమవరం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. అక్కడి విద్యార్థికి కన్సోల్ లోకం మూసిన తలుపులా కనపడడంలో ఆశ్చర్యం లేదు. డెవ్‌కిట్ అనే ప్రత్యేక యంత్రం కావాలంటే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోల దగ్గర డెవలపర్‌గా నమోదై, గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ ఒప్పందం ఎంత బిగువంటే, గొడో అనే ఉచిత గేమ్ ఇంజిన్ తన కోడ్ మొత్తం బహిరంగంగా పెట్టినా కన్సోళ్ళకి సంబంధించిన భాగాన్ని అందులో చేర్చలేదు. ఆ పని వేరే కంపెనీలు విడిగా చేసిపెట్టాల్సిందే.

అయితే పోర్టింగ్ నేర్చుకోవడానికి డెవ్‌కిట్ అక్కర్లేదు. డూమ్ ఆట సోర్స్ కోడ్ 1997 నుంచి అందరికీ ఉచితం. దాన్ని దించుకుని, ముందు ల్యాప్‌టాప్ మీద నడిపి, ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీదకో, పాత ఆండ్రాయిడ్ ఫోన్ మీదకో మార్చి చూడండి. తెర గీసే భాగం, శబ్దం, బటన్లు, ఫైళ్ళు, ఈ నాలుగు చోట్లే యంత్రం మారినప్పుడు కోడ్ మారాలి, మిగతాది మారకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలిసినవాడి కోసం పుణె, బెంగళూరు, హైదరాబాద్ స్టూడియోలు ఉద్యోగ ప్రకటనలు వేస్తున్నాయి. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న కూడా, ఒక్కో ఫ్రేమ్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, దాన్ని ఎలా తగ్గించావు అనే.